గ్రహ నీహారికల జాబితాను గయాతో జతచేసేటప్పుడు: కేంద్ర తార ఏదో తేలనిదే దూరం తేలదు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా ఒకసారి చెబుతాను. మీరు ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చివరి సంవత్సరంలో ఉన్నారు. పనికొచ్చే టెలిస్కోపు అందుబాటులో లేదు, ఉన్నదల్లా ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్. 1992లో వెలువడిన స్ట్రాస్‌బోర్గ్-ఈసో కేటలాగు నుంచి 1143 గ్రహ నీహారికల (చివరి దశలో ఉన్న తారలు వదిలిన, వెలిగే వాయు మేఘాల) నిర్దేశాంకాలు తీసుకొని, ఒక్కొక్కదాని చుట్టూ 5 ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, అందులో పడ్డ గయా (తారల స్థానాలను కొలిచిన ఐరోపా ఉపగ్రహం) మూడవ విడుదల డీఆర్3 తారల్లో మధ్యబిందువుకు అతి దగ్గరిదాన్ని కేంద్ర తారగా తీసుకున్నారు. దాని పారలాక్స్‌ను, అంటే భూమి సూర్యుని చుట్టూ తిరగడం వల్ల తార స్థానంలో కనిపించే చిన్న జరుగుబాటును, తలకిందులు చేసి (1ని దానితో భాగించి) దూరం లెక్కగట్టారు. చాలావాటికి పారలాక్స్ రుణసంఖ్యగా వచ్చింది, కొన్ని నీహారికలు నమ్మలేనంత దగ్గరగా తేలాయి. రుణసంఖ్యలు వచ్చినవాటిని తీసేసి, మిగిలినవాటితో పాలపుంత పటం గీయవచ్చా, అసలీ ప్రాజెక్టు నిలబడుతుందా అని మీ సందేహం.

ప్రాజెక్టు నిలబడుతుంది. అయితే మీరు దోషం వెతుకుతున్న చోటు సరైనది కాదు. రుణసంఖ్యలు మీ లెక్కలో తప్పేమీ కాదు, వాటి సంగతి తరువాత చెబుతాను. అసలు చిక్కు అంతకంటే ముందే ఉంది: మీరు కొలిచిన దూరం ఆ నీహారికదేనా, లేక దాని ముందో వెనకో ఉన్న దారినపోయే తారదా అన్నది మీరు ఎక్కడా సరిచూడలేదు. దానికంటే ముందు, జాబితాలో ఉన్న ప్రతి వరుసా నిజంగా గ్రహ నీహారికేనా అన్నదీ చూడలేదు. ఈ రెండూ తేలకుండా పారలాక్స్ ఎంత ఖచ్చితంగా ఉన్నా దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఎందుకంత కచ్చితంగా అంటున్నానంటే, చిన్న గుణకారం చేసి చూడండి. ఒక చదరపు డిగ్రీలో సుమారు 1,29,60,000 చదరపు ఆర్క్‌సెకన్లు ఉంటాయి. 5 ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధం గల వృత్తం వైశాల్యం 78.5 చదరపు ఆర్క్‌సెకన్లు. పాలపుంత కేంద్రం వైపు, ధూళి అంతగా అడ్డురాని ప్రాంతంలో చదరపు డిగ్రీకి పది లక్షల గయా తారలు ఉన్నాయనుకుందాం. అప్పుడు ఆకాశంలో కళ్లు మూసుకొని ఎక్కడ వృత్తం గీసినా అందులో సగటున ఆరు తారలు పడతాయి. అక్కడ నీహారిక ఉన్నా లేకపోయినా పడతాయి. ఆ ఆరింటిలో మధ్యకు దగ్గరిదాన్ని ఎంచుకోవడం చీటీ తీయడంతో సమానం. అదే పాలపుంత తలానికి బాగా దూరంగా, చదరపు డిగ్రీకి 5000 తారలే ఉన్నచోట అదే వృత్తంలో అనుకోకుండా ఒక తార పడే అవకాశం మూడు శాతం మాత్రమే. గ్రహ నీహారికల్లో ఎక్కువ భాగం పాలపుంత తలానికి దగ్గరగానూ, కేంద్రం దిశలోనూ గుమిగూడి ఉంటాయి కాబట్టి, ఒకే వృత్తాన్ని 1143 నీహారికలకూ వాడితే మీ పట్టికలో గణనీయమైన భాగం చీటీల ఫలితమే అవుతుంది. నమ్మలేనంత దగ్గరగా తేలిన ఆ నీహారికలు బహుశా ఇలా వచ్చినవే: వృత్తంలో అడ్డుపడిన ఏ చిన్న ఎర్ర తార దూరమో నీహారిక ఖాతాలో పడింది.

జత చేసే ముందు ఏ తారను వెతుకుతున్నామో తెలిసి ఉండాలి. సూర్యుడి వంటి లేదా అంతకు కొన్ని రెట్లు బరువైన తార తన చివరి దశలో పై పొరలను వదిలేస్తుంది. మిగిలిన వేడి గర్భం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి ఆ వాయువును అయనీకరణం చేసి వెలిగిస్తుంది. ఆ గర్భమే కేంద్ర తార, కొన్నాళ్లకు అదే శ్వేత కుబ్జంగా చల్లారుతుంది. విలియం హెర్షెల్ 1780లలో పెట్టిన పేరుకు, గ్రహాలకు ఎటువంటి సంబంధమూ లేదు. చిన్న బిళ్లలా కనబడటం తప్ప వేరే కారణం లేదు. మనకు కావలసింది ఏమిటంటే, కేంద్ర తార ఉపరితల ఉష్ణోగ్రత కనీసం 25,000 నుంచి 30,000 కెల్విన్లు ఉండాలి, లక్ష దాటినవీ చాలానే ఉన్నాయి. అంత వేడి తార నీలంగా ఉంటుంది. గయా కొలిచే నీలి, ఎరుపు ప్రకాశాల తేడా, అంటే బీపీ మైనస్ ఆర్‌పీ, ధూళి లేకపోతే సున్నాకు బాగా దిగువన ఉండాలి.

దీన్నిబట్టి "వృత్తంలో అన్నిటికంటే నీలంగా ఉన్న తారను తీసుకుంటే సరి" అని మీకు తోచవచ్చు. చాలాచోట్ల అదే సరైన దారి కూడా. ఎం57, అంటే లైరా మండలంలోని వలయ నీహారికను అలాదీన్‌లో (ఆకాశ చిత్రాలపై కేటలాగులను పరిచి చూపే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో) తెరిచి చూడండి. వలయం నడిమధ్యన 15.7 ప్రకాశాంకం (అంకె పెరిగేకొద్దీ తార మసకది) చుట్టుపక్కల ఒక నీలి చుక్క కనిపిస్తుంది, గయా పట్టికను దానిపై పరిస్తే రంగు, స్థానం రెండూ కుదురుతాయి. వలయం లోపలే కనబడే ఇతర మసక తారలు రంగును బట్టి తప్పుకుంటాయి. అక్కడ అయిదు నిమిషాల పని.

కానీ రంగును గుడ్డిగా నమ్మితే మోసపోయే చోట్లు మూడు రకాలు. మొదటిది ధూళి. నాలుగైదు ప్రకాశాంకాల మేర ధూళి కాంతిని మింగేసినచోట లక్ష కెల్విన్ల తార కూడా మామూలు పసుపు తారలా కనిపిస్తుంది, కాబట్టి చుట్టుపక్కల తారలతో పోల్చి నీలమా కాదా అని చూడాలే తప్ప ఒకే గీత గీసి అందరికీ వర్తింపజేయరాదు. రెండవది నీహారిక కాంతే. గయా రంగులను కొలిచే కిటికీ దాదాపు ఒకవైపు 3.5, మరోవైపు 2.1 ఆర్క్‌సెకన్ల పరిమాణంలో ఉంటుంది. చిన్న, ప్రకాశవంతమైన నీహారికలో ఆ కిటికీ నిండా వాయువు కాంతే చేరుతుంది, అప్పుడు వచ్చే రంగు తారది కాదు. అంతకంటే ఇబ్బందేమిటంటే, కొన్ని చిన్న నీహారికల్లో గయా "తార"గా నమోదు చేసింది నీహారిక లోపలి ముద్దనే కావచ్చు. అటువంటి చోట ఆస్ట్రోమెట్రీ సరిపడిందో లేదో తెలిపే రూవీ విలువ 1.4 దాటుతుంది, లేదా బీపీ-ఆర్‌పీ అదనపు గుణకం అసహజంగా పెరుగుతుంది. ఈ రెండు స్తంభాలను మీ పట్టికలోకి తెచ్చుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

మూడవది జంట తారలు. హెర్షెల్ 1790 నవంబరు 13న చూసిన ఎన్‌జీసీ 1514 దీనికి చక్కని ఉదాహరణ. మధ్యలో తొమ్మిదో ప్రకాశాంకపు తార ఒకటి స్పష్టంగా కనబడుతుంది, కానీ దాని వర్ణపటం ఏ-తరగతి తారది. నీహారికను వెలిగించేంత వేడి దానికి లేదు. నీహారికను వెలిగిస్తున్న వేడి తార దాని వెలుగులో మరుగునపడిన జంట. రెండూ దాదాపు తొమ్మిదేళ్లకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయని వేగాల కొలతలు తేల్చాయి. రంగు ఒక్కటే చూసే ప్రోగ్రాము ఈ తారను తోసిపుచ్చుతుంది, కానీ ఇక్కడ ఆ తారే సరైనది. దీనికి పూర్తి వ్యతిరేకం సుడబ్ల్యూటీ 2. వలయం మధ్యలో ప్రకాశవంతమైన ఏ-తరగతి గ్రహణ జంట ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి అదే కేంద్రమనుకున్నారు. ఆ జంట వేగం నీహారిక వేగంతో సరిపడదనీ, అది దృష్టిరేఖలో యాదృచ్ఛికంగా పడిన తారల జంట మాత్రమేననీ 2017లో జోన్స్, బోఫిన్ చూపారు. చూడటానికి ఒకేలా ఉన్న రెండు చోట్ల ఒకచోట మధ్య తార అసలుది, మరోచోట నకిలీది. ఈ తేడాను పట్టించింది చిత్రం కాదు, రేడియల్ వేగం, అంటే మనవైపు గానీ మన నుంచి దూరంగా గానీ కదిలే వేగం. మెసియే 46 అనే తారల గుచ్ఛం మీద అతికించినట్లు కనబడే ఎన్‌జీసీ 2438 కూడా అంతే. గుచ్ఛానికీ నీహారికకూ వేగంలో సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల తేడా ఉంది, కాబట్టి గుచ్ఛం దూరాన్ని దానికి అంటగట్టరాదు.

ఈ గుర్తింపు పనిని మొదటినుంచి మీరే చేయాల్సిన అవసరం లేదు. చోర్నీ, వాల్టన్ ఒక జాబితాను, గొన్సాలెస్-సాంతమరియా బృందం మరొక జాబితాను 2021లో గయా ఈడీఆర్3 ఆధారంగా ప్రచురించారు. రెండూ విజియర్ అనే ఆన్‌లైన్ కేటలాగుల భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. పారలాక్స్‌ల వరకు ఈడీఆర్3కూ 2022 జూన్‌లో వచ్చిన డీఆర్3కూ తేడా లేదు, అవే సంఖ్యలు. మొదటి జాబితా స్థానం, రంగు కలిపి సంభావ్యత లెక్కగట్టింది, రెండవది నమ్మకాన్ని బట్టి తారలను ఏ, బీ, సీ వర్గాలుగా విడదీసింది. మీరు చేయవలసింది ఈ రెండింటినీ మీ పట్టికతో టాప్‌క్యాట్ అనే పట్టికల సాఫ్ట్‌వేర్‌లో జతచేయడం. మూడూ ఒకే తారను చూపిన నీహారికలను పక్కన పెట్టండి, వాటితో పెద్దగా పని లేదు. మూడింటిలో విభేదం వచ్చినవాటిని ఒక్కొక్కటిగా అలాదీన్‌లో తెరిచి కళ్లతో చూడండి. నా అభిప్రాయంలో మీ ప్రాజెక్టు అంటూ ఉంటే అది ఆ విభేదాల జాబితాలోనే ఉంది, పాలపుంత పటంలో కాదు.

స్థానాల విషయంలో నా అనుభవం ఒకటి చెప్పడం అవసరం. తొలిరోజుల్లో నేను ఒక పాత జాబితాలోని నిర్దేశాంకాలను 2000 విషువత్తుకు సంబంధించినవనే అనుకొని ఒక రాత్రంతా జతచేశాను. అవి 1950వి. భూమి అక్షం దిశ మెల్లగా మారడం వల్ల నిర్దేశాంకాలు జరిగే విషువచ్చలనం ఏడాదికి 50 ఆర్క్‌సెకన్ల పైచిలుకు కాబట్టి యాభై ఏళ్లకు సుమారు 42 ఆర్క్‌నిమిషాలు, అంటే నిండు చంద్రబింబం కంటే ఎక్కువ జరుగుతుంది. నవ్వు తెప్పించేదేమిటంటే, అంత తప్పులోనూ పాలపుంత తలంలో దాదాపు ప్రతి వృత్తానికీ నాకు ఒక తార "దొరికింది". పైన చెప్పిన గుణకారం అప్పుడే నాకు తలకెక్కింది. అప్పటినుంచీ ప్రతి జతకూ ఒక పరీక్ష పెడుతున్నాను: అన్ని స్థానాలనూ కావాలని ఒక ఆర్క్‌నిమిషం పక్కకు జరిపి, మళ్లీ అదే వృత్తంతో జతచేసి ఎన్ని తారలు పడ్డాయో లెక్కిస్తాను. అసలు జతలో వచ్చిన సంఖ్యకూ ఈ దొంగజతల సంఖ్యకూ తేడా లేకపోతే ఆ జత పనికిరాదు. మీరూ ఇదే చేయండి, పది నిమిషాలు పట్టదు.

సొంత చలనాన్నీ, అంటే ఆకాశంలో తార స్థానం ఏటా కాస్తకాస్త జరగడాన్నీ, మరవకండి. డీఆర్3 స్థానాలు 2016 నాటివి. ఎక్వేరియస్ మండలంలోని హెలిక్స్ నీహారిక కేంద్ర తార ఏడాదికి సుమారు 39 మిల్లీ ఆర్క్‌సెకన్లు కదులుతుంది, 2000 నాటి స్థానం నుంచి పదహారేళ్లకు అది 0.6 ఆర్క్‌సెకను అవుతుంది. 5 ఆర్క్‌సెకన్ల వృత్తంలో అది లెక్కలోకి రాదు కానీ, రద్దీ ప్రాంతంలో మీరు వృత్తాన్ని ఒక ఆర్క్‌సెకనుకు కుదించినప్పుడు దగ్గరి నీహారికల్లో అసలు తారే జారిపోవచ్చు. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట: హెలిక్స్ ఉన్న క్రాంతి పట్టీని, అంటే మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల వరకు ఉన్న ఆకాశాన్ని, అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగు కోసం ఫొటోలు తీసి కొలిచింది హైదరాబాదులోని నిజామియా వేధశాల. హెలిక్స్ కేంద్ర తార ఆ కేటలాగుకు అందనంత మసకది. అయినా ఆ ఫలకాల మీద కొలిచిన ప్రకాశవంతమైన తారల స్థానాలు 2000లో వచ్చిన టైకో-2 సొంత చలనాలకు పునాది అయ్యాయి. ఆ ఫలకాల ముందు కూర్చుని తార తరువాత తార కొలిచినవారిది కూడా జాబితా పనే.

ఇక రుణ పారలాక్స్‌లు. భూమి సూర్యుని చుట్టూ తిరగడం వల్ల తార ఏడాదికొకసారి గీసే అతిచిన్న దీర్ఘవృత్తాన్ని గయా కొలుస్తుంది, ప్రతి కొలతలోనూ దోషం ఉంటుంది. ఒక తార అసలు పారలాక్స్ 0.10 మిల్లీ ఆర్క్‌సెకను, కొలత దోషం 0.15 అనుకోండి. ఇటువంటి తారలను వంద తీసుకుంటే సుమారు పాతికింటికి కొలత సున్నాకు దిగువన వస్తుంది. అందులో పొరపాటేమీ లేదు, "ఈ తార దూరంగా ఉంది, ఎంత దూరమో నాకు అందలేదు" అని గయా చెబుతోందంతే. వాటిని తీసేస్తే మిగిలిన డెబ్బై అయిదు తారల సగటు పారలాక్స్ అసలు కంటే పెద్దదవుతుంది, అంటే మీ నీహారికలన్నీ మనవైపు జరిగినట్లు కనిపిస్తాయి. అందుకే తీసేయవద్దు. వాటిని "దూరం తేలనివి"గా ఉంచి, దోషం పారలాక్స్‌లో పదిహేను ఇరవై శాతం లోపు ఉన్నవాటికి మాత్రమే తలకిందులు చేసే పద్ధతి వాడండి.

గయా పారలాక్స్‌ల నుంచి గణాంక పద్ధతిలో బెయిలర్-జోన్స్ బృందం ఇచ్చిన దూరాలను వాడితే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. వాటిలో రుణసంఖ్యలు ఉండవు, చూడటానికి బాగుంటాయి. కానీ పారలాక్స్ బలహీనంగా ఉన్నచోట ఆ దూరం ఎక్కడినుంచి వస్తుందో గమనించండి: ఆ దిశలో సాధారణ తారలు ఎంత దూరంలో ఉంటాయన్న ముందస్తు అంచనా నుంచి వస్తుంది. మీ నీహారిక గురించి అందులో సమాచారమేమీ లేదు. దానితో పటం గీస్తే మీరు గీసింది ఆ అంచనానే. గయా సున్నాబిందువు సవరణను, అంటే దాని పారలాక్స్‌లన్నిటిలో ఒకే వైపు ఉన్న చిన్న దోషానికి దిద్దుబాటును, కూడా చేయాలి. ప్రకాశాన్నీ రంగునూ బట్టి అది మారుతుంది, మసక తారలకు మిల్లీ ఆర్క్‌సెకనులో రెండు నుంచి నాలుగు వందల వంతుల మేర ఉంటుంది. 0.03 అనుకుంటే, 2 కిలోపార్‌సెక్‌ల (ఒక కిలోపార్‌సెక్ దాదాపు 3260 కాంతి సంవత్సరాలు) దగ్గర ఆరు శాతం, 5 కిలోపార్‌సెక్‌ల దగ్గర పదిహేను శాతం తేడా వస్తుంది. లిండెగ్రెన్ బృందం ఇచ్చిన సవరణ సూత్రం పైథాన్‌లో సిద్ధంగా దొరుకుతుంది.

సరైన తార దొరికాక ఏమి రాబట్టవచ్చో ఎం57తోనే చేసి చూపుతాను. దాని కేంద్ర తార పారలాక్స్ సుమారు 1.27 మిల్లీ ఆర్క్‌సెకన్లు, దోషం నాలుగు శాతం లోపు. దూరం 790 పార్‌సెక్‌ల దరిదాపు, అంటే దాదాపు 2570 కాంతి సంవత్సరాలు. ప్రధాన వలయపు సగటు వ్యాసార్ధం 37 ఆర్క్‌సెకన్లుగా తీసుకుంటే, 790ని 37తో హెచ్చవేసి 2,06,265తో భాగించగా 0.14 పార్‌సెక్ వస్తుంది. సెకనుకు ఒక కిలోమీటరు వేగంతో ఒక పార్‌సెక్ దాటడానికి సుమారు 9,78,000 సంవత్సరాలు పడుతుంది. వ్యాకోచ వేగం సెకనుకు 25 కిలోమీటర్లు అనుకుంటే వయసు 5500 సంవత్సరాల చుట్టుపక్కల తేలుతుంది. దీన్ని గడియారంలా నమ్మవద్దు: వేగం అన్ని దిక్కులా ఒకటే కాదు, కాలంతో అది మారుతుంది కూడా. కానీ గ్రహ నీహారికలు పదుల వేల ఏళ్లకు మించి బతకవు కనుక, మీ పట్టికలో ఏ నీహారికకైనా లక్షల ఏళ్ల వయసో, నలభై ఏళ్ల వయసో వస్తే తార తప్పయినా అయి ఉండాలి, లేక అది గ్రహ నీహారిక కాకపోవాలి. ఇంత మొరటు పరీక్ష కూడా తప్పులు పట్టడానికి బాగా పనికివస్తుంది.

అది గ్రహ నీహారిక కాకపోవడం మీరనుకునేదానికంటే తరచుగా జరుగుతుంది. జార్జ్ ఏబెల్ 1966లో పాలోమర్ ఫలకాల నుంచి 86 నీహారికల జాబితా ఇచ్చారు. అందులో 85వది నిజానికి సూపర్నోవా అవశేషం, రేడియోలో దాని పేరు సీటీబీ 1. పీహెచ్ఎల్ 932 అనే వేడి తార చుట్టూ ఉన్న మసక వెలుగును ఏళ్లపాటు గ్రహ నీహారికగానే లెక్కించారు. తార వదిలిన వాయువు కాదది, దారిలో తగిలిన మేఘాన్ని తార వెలిగిస్తోందంతే అని 2010లో తేలింది. సహజీవి జంట తారలు, హైడ్రోజన్ అయనీకరణ ప్రాంతాలు, వోల్ఫ్-రాయెట్ తారలు విసిరిన పెంకులు, చివరికి దూరపు గెలాక్సీలు కూడా ఈ వేషం వేస్తాయి. అందుకే 1992 నాటి జాబితాను ఆధారంగా కాకుండా చరిత్రగా చూడమంటాను. ఈ రోజు మొదలుపెట్టవలసిన చోటు హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో పార్కర్, బోయిచిచ్, ఫ్రూ నిర్మించిన హ్యాష్ భాండాగారం. 2016లో దాన్ని ప్రకటించేనాటికే అందులో 3500కు పైగా వస్తువులున్నాయి. ప్రతిదానికీ "నిజమైనది, బహుశా, కావచ్చు" అన్న స్థాయి రాసి ఉంటుంది, పక్కనే దృశ్య, పరారుణ, రేడియో చిత్రాలు, దొరికినచోట వర్ణపటం ఉంటాయి. పేరు నమోదు చేసుకుంటే ఉచితం. మొదటి వడపోతలో "నిజమైనవి" మాత్రమే ఉంచండి.

ఆ స్థాయిని ఎలా నిర్ణయిస్తారో మీరే ఒకటి రెండుచోట్ల చేసి చూస్తే మేలు. పరారుణంలో వైజ్ సర్వే 22 మైక్రోమీటర్ల చిత్రం తీయండి. గ్రహ నీహారికల్లో గోరువెచ్చని ధూళి, కొన్నిటిలో ఆక్సిజన్ అయాన్ల రేఖ కలిసి అక్కడ బాగా వెలుగుతాయి. ఎన్‌జీసీ 1514 చుట్టూ రెండు పరారుణ వలయాలున్నాయని 2010లో తెలిసింది వైజ్ చిత్రాల్లోనే, దృశ్యకాంతిలో వాటి జాడే లేదు. అయితే ఆ పట్టీలో వైజ్ స్పష్టత 12 ఆర్క్‌సెకన్లే కాబట్టి, పక్కనున్న ఎర్ర మహాతార వెలుగు మీ నీహారిక మీదికి ఒలికి ఉండవచ్చు. రేడియోలో ఎన్‌వీఎస్‌ఎస్ సర్వే 45 ఆర్క్‌సెకన్ల స్పష్టతతో మైనస్ 40 డిగ్రీల క్రాంతికి ఉత్తరాన ఉన్న ఆకాశమంతా కొలిచింది. రేడియోతో పోలిస్తే మధ్య పరారుణ వెలుగు గ్రహ నీహారికల్లో తక్కువ, హైడ్రోజన్ అయనీకరణ ప్రాంతాల్లో అనేక రెట్లు ఎక్కువ. ఈ నిష్పత్తి ఒక్కటే అబద్ధపు అభ్యర్థులను చాలావరకు ఏరిపారేస్తుంది.

వర్ణపటం దొరికితే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదన్నంత బలం వస్తుంది. 1864లో విలియం హగ్గిన్స్ ఎన్‌జీసీ 6543 వైపు వర్ణపటదర్శిని తిప్పి, అఖండ పట్టీకి బదులు ప్రకాశరేఖలు చూసి, అది వాయువని తేల్చారు. అందులో ప్రధానమైన ఆకుపచ్చ రేఖ రెండుసార్లు అయనీకరణం చెందిన ఆక్సిజన్‌దని 1927లో ఐరా బోవెన్ వివరించేదాకా "నెబ్యూలియం" అనే మూలకం పేరు చెలామణిలో ఉంది. ఆ ఆక్సిజన్ జంటలో 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల రేఖ 4959 రేఖకు దాదాపు మూడు రెట్లు ఉండాలన్నది పరమాణు భౌతికం విధించిన నియమం, నీహారికను బట్టి మారదు. మీరు దించుకున్న వర్ణపటంలో అది రెండున్నరకు పడిపోతే ముందు అనుమానించవలసింది నీహారికను కాదు, 5007 దగ్గర డిటెక్టర్ నిండిపోయిందేమోనని. ఆ పరీక్ష దాటాక హెచ్-ఆల్ఫా, హెచ్-బీటా నిష్పత్తి చూడండి. ధూళి లేకపోతే 2.86 రావాలి, ఎంత పెరిగితే అంత ధూళి. ఇక గంధకం రేఖలు రెండూ కలిపి హెచ్-ఆల్ఫాలో 0.4 వంతు దాటితే ఆఘాత తరంగం వేడిచేసిన వాయువని, అంటే సూపర్నోవా అవశేషమని గట్టిగా అనుమానించాలి.

హెచ్-ఆల్ఫా, అంటే హైడ్రోజన్ ఎర్ర రేఖ వెలుగులో ఆకాశాన్ని ఫొటోలు తీసిన సర్వేలు మూడింటి పేర్లు గుర్తుంచుకోండి. ఉత్తరాన లా పాల్మా ద్వీపంలోని ఐజాక్ న్యూటన్ టెలిస్కోపుతో చేసిన ఐఫాస్, దక్షిణాన పరనాల్ నుంచి చేసిన వీఫాస్ ప్లస్, సైడింగ్ స్ప్రింగ్‌లోని యూకే ష్మిట్ ఫొటోల నుంచి తయారైన సూపర్‌కాస్మోస్ హెచ్-ఆల్ఫా సర్వే. చివరిదాని నుంచే మాష్ అనే గ్రహ నీహారికల జాబితాల్లోని పన్నెండు వందల దాకా నీహారికలు బయటపడ్డాయి. ఇక్కడొక చిక్కుంది. ఐఫాస్ ఫిల్టరు వెడల్పు 95 ఆంగ్‌స్ట్రామ్‌లు, కనుక 6563 దగ్గరి హెచ్-ఆల్ఫాతో పాటు అటూ ఇటూ ఉన్న నైట్రోజన్ రేఖలు రెండూ అందులోకి వస్తాయి. నైట్రోజన్ అధికంగా ఉన్న నీహారికల్లో ఆ రేఖలు హెచ్-ఆల్ఫానే మించిపోతాయి. ఫిల్టరు పేరు చూసి ఆ వెలుగంతా హైడ్రోజన్‌దని లెక్కవేస్తే ద్రవ్యరాశి, ధూళి అన్నీ తప్పుతాయి.

పాత ఫొటో ఫలకాల డిజిటల్ రూపమైన డీఎస్ఎస్‌ను పరిచయానికే వాడండి. ప్రకాశవంతమైన తార దగ్గర గుండ్రంగా, మృదువుగా, చక్కగా నీలంగా ఉన్న ఒక వెలుగును చూసి కొత్త నీహారిక దొరికిందని నేను మూడు వారాలు నిద్రపోలేదు. అది టెలిస్కోపు లోపల ప్రతిబింబించిన తార వెలుగు. మరో ఫలకంలో అది అక్కడ లేదు. రెండు వేర్వేరు పరికరాల చిత్రాల్లో కనబడనిదేదీ ఆకాశంలో లేదనే అనుకోవడం మంచి అలవాటు. ఇలా చెప్పి నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు: సిగ్నస్ మండలంలోని సబ్బుబుడగ నీహారికను 2008లో డేవ్ జురాసెవిచ్ అనే అమెరికన్ ఖగోళ ఛాయాగ్రాహకుడు వెలికితీశారు. అంతవరకు ఎన్నో సర్వేలు ఆ చోటిని దాటిపోయాయి.

మన దేశపు దత్తాంశాలు కూడా మీకు అందుబాటులోనే ఉన్నాయి. 2015 సెప్టెంబరులో ఇస్రో ప్రయోగించిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపు యూవిట్‌తో ఎన్.కామేశ్వరరావు బృందం ఎన్‌జీసీ 40 చుట్టూ దూర అతినీలలోహితంలో మాత్రమే కనిపించే మసక ప్రభామండలాన్ని గుర్తించి 2018లో ప్రచురించింది. హైడ్రోజన్ అణువులు కాంతిని పీల్చి తిరిగి వెదజల్లడమే దానికి కారణమని వారి వివరణ. ఆస్ట్రోశాట్ పరిశీలనలు నిర్ణీత గడువు ముగిశాక ఇస్రో భాండాగారంలో అందరికీ తెరుచుకుంటాయి. ఏ గ్రహ నీహారికలను యూవిట్ చూసిందో అక్కడ వెతకడం ఒక సాయంత్రం పని.

మీ ప్రాజెక్టుకు నేను సూచించేది ఇది. 1143ను వదిలేయండి. హ్యాష్‌లో "నిజమైనవి"గా ఉండి, పై రెండు కేంద్ర తారల జాబితాల్లో కనీసం ఒకదానిలో ఉండి, పారలాక్స్ దోషం ఇరవై శాతం లోపు ఉండి, 2 కిలోపార్‌సెక్‌ల లోపల తేలినవి తీసుకోండి. ఒక్కొక్కదానికి ఒక పుట కేటాయించి, హెచ్-ఆల్ఫా లేదా డీఎస్ఎస్ చిత్రం, దానిపై గయా తారలు రంగులవారీగా, వైజ్ 22 మైక్రోమీటర్ల చిత్రం పక్కపక్కన పెట్టండి. పట్టికలో "నేను చూసింది" అనే స్తంభం ఒకటి తెరిచి, కంప్యూటరు ఎంచిన తారను మీరు ఒప్పుకున్నారా లేదా, ఎందుకు అని రెండు వాక్యాలు రాయండి. దూరాన్ని, వ్యాసార్ధాన్ని, వయసును ఆ తరువాతే లెక్కించండి. ఎరుపు రంగు తార పడినచోట, వయసు అసంబద్ధంగా వచ్చినచోట, రెండు జాబితాలు తగవులాడుకున్నచోట ఆగి, ఆ నీహారిక పేరుతో సింబాద్‌లో ఉన్న పరిశోధన పత్రాలు చదవండి. సింబాద్ స్వయంగా ఒక కేటలాగు కాదు, ఎవరెవరు ఏమన్నారో కూర్చిన సూచిక కాబట్టి, అక్కడ రాసి ఉన్న వస్తువు రకాన్ని తీర్పుగా తీసుకోకుండా దాని కింద ఉన్న పత్రం దాకా వెళ్లాలి.

మొదటి వారం ఎం57, హెలిక్స్, ఎన్‌జీసీ 1514, సుడబ్ల్యూటీ 2, ఏబెల్ 85 అనే అయిదింటి మీదనే పని చేయండి. మొదటి రెండింటిలో మీ పద్ధతి సరైన జవాబు ఇవ్వాలి, మూడవదానిలో రంగు పరీక్ష దాన్ని తోసేయకూడదు, నాలుగవదానిలో మధ్య తారను మీరు అనుమానించగలగాలి, అయిదవది వడపోతలోనే ఆగిపోవాలి. ఈ అయిదూ మీరనుకున్నట్లే వచ్చాక ఆ పట్టికను ఇక్కడ పెట్టండి, "నేను చూసింది" స్తంభంతో సహా. మిగిలినవాటికి వృత్తం ఎంత పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.